లయొనెల్ రోత్స్‌చైల్డ్ జీవితం మీద గంటసేపు మాట్లాడాలంటే

గుంటూరులో మా పేట గ్రంథాలయం వాళ్లు నెలకో ఆదివారం ఒక జీవితం మీద ప్రసంగం పెడతారు. కవులు, స్వాతంత్ర్య సమరయోధులు, శాస్త్రవేత్తలు అయిపోయాక బ్యాంకర్ల వంతు వచ్చింది. బ్యాంకులో అప్పుల విభాగంలోనే జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి ఆ పని నా మెడకు చుట్టుకుంది. పందొమ్మిదో శతాబ్దపు లండన్ బ్యాంకరు లయొనెల్ రోత్స్‌చైల్డ్‌ను ఎంచుకున్నాను. అది కాస్త బాగా నడిచినట్టుంది. తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి “ఎలా తయారు చేశారో చెప్పండి మాస్టారూ” అంటూ ఫోన్లు వస్తున్నాయి. నేను మాస్టారిని కాను గానీ, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఒక్క మనిషిని పట్టుకోండి

రోత్స్‌చైల్డ్ అనేది ఇంటిపేరు. ఆ ఇంటి కథ మొత్తం చెప్పబోతే గంటలో సగం పేర్లకే పోతుంది. తాత పేరు మనవడికి, పెదనాన్న పేరు తమ్ముడి కొడుకుకు పెట్టుకుంటూ పోయారు. మనవాళ్ల ఇళ్లలోనూ అంతే కాబట్టి శ్రోతలు నొచ్చుకోరు, కానీ తికమకపడతారు. అందుకని బోర్డు మీద నాలుగు పేర్లే రాయండి. తాత మేయర్ ఆమ్‌షెల్, 1744 నుంచి 1812. తండ్రి నేథన్, 1777 నుంచి 1836. మన కథానాయకుడు లయొనెల్, 1808 నుంచి 1879. అతడి పెద్దకొడుకు, ఇంట్లో నాటీ అని పిలుచుకున్న నేథన్ మేయర్, 1840 నుంచి 1915. ఈ నలుగురు చాలు.

తాత గురించి అయిదు నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదులంతా ఒకే ఇరుకు వీధిలో ఉండాలి. రాత్రయితే ఆ వీధి తలుపులు బయటినుంచి మూసేవారు, ఆదివారాలు, క్రైస్తవుల పండుగలు వచ్చినా మూసేవారు. ఆ వీధిలో పాత నాణేలు కొని అమ్ముతూ, హెస్సీ అనే జర్మన్ రాజ్యపు పాలకుడి దగ్గర నమ్మకం సంపాదించి, అయిదుగురు కొడుకులను పైకి తెచ్చాడు. వాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా, లండన్, నేపుల్స్, పారిస్ నగరాల్లో తలా ఒక కొట్టు, అంటే బ్యాంకు, తెరిచారు. వంశచిహ్నంలో ఒక పిడికిలి పట్టుకున్న అయిదు బాణాలు ఆ అయిదుగురివే. 1822లో ఆస్ట్రియా చక్రవర్తి ఆ సోదరులకు బారన్ బిరుదు ఇచ్చాడు. లండన్‌లో ఉన్న నేథన్ దాన్ని పట్టించుకోలేదు. కొడుకు లయొనెల్ మాత్రం 1838లో బ్రిటిష్ రాణి అనుమతి తీసుకుని మరీ బారన్ అని పెట్టుకున్నాడు. ఆ బిరుదు లండన్‌లో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, పార్లమెంటు పై సభ అయిన ప్రభువుల సభలో కుర్చీ మాత్రం ఇవ్వదు. ఈ తేడా ఇక్కడే చెప్పి పెట్టండి, తర్వాత అవసరం పడుతుంది.

నలుగురిలో లయొనెల్‌నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, రాజ్యం ఒక తలుపు దగ్గర అతడి ముందు చేయి చాచింది, ఇంకో తలుపు దగ్గర అతణ్ని నిలబెట్టేసింది. ఈ రెండూ ఒకే మనిషికి, ఒకే నగరంలో జరిగాయి. మీ ప్రసంగానికి ఇంతకు మించిన వెన్నెముక దొరకదు.

“ఆయన ఆస్తి ఎంత?”

ఇది మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది, రాసిపెట్టుకోండి. ఈనాటి రూపాయల్లోకి మార్చి ఇన్ని లక్షల కోట్లు అని చెప్పకండి. వాట్సాప్‌లో తిరిగే అంకెలన్నీ అలా పుట్టినవే. అప్పటి అంకెను అప్పటి అంకె పక్కనే పెట్టండి. 1875లో అతడి సంస్థ బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక్క మాట మీద ఇచ్చిన అప్పు నలభై లక్షల పౌండ్లు. ఆ ప్రభుత్వపు ఏడాది రాబడి సుమారు ఏడున్నర కోట్ల పౌండ్లు. అంటే దేశం ఏడాదికి వసూలు చేసే సొమ్ములో ఇరవయ్యో వంతును ఒక ప్రైవేటు కొట్టు సర్దింది. ఈ పోలిక వినగానే హాలు సర్దుకుని కూర్చుంటుంది.

రెండో చెయ్యి వాటర్లూ యుద్ధం కోసం లేస్తుంది. నెపోలియన్ ఓడిపోయిన సంగతి నేథన్‌కు ముందే తెలిసిందనీ, తుఫానులో సముద్రం దాటి వచ్చి, వాటాలు అమ్ముతున్నట్టు నటించి, అందరూ భయపడి అమ్ముకున్నాక చవగ్గా కొని కోట్లు గడించాడనీ చెప్పే కథ. దీన్ని మర్యాదగా, కానీ గట్టిగా తోసిపుచ్చండి. 1815లో నేథన్ యుద్ధభూమి దగ్గర లేడు, లండన్‌లోనే ఉన్నాడు. ఈ కథను లోకం మీదికి వదిలింది 1846లో పారిస్‌లో అచ్చయిన ఒక కరపత్రం. దాన్ని నడిపించింది యూదుల మీద ద్వేషం, తర్వాత నాజీలూ అదే కథను ప్రచారానికి వాడుకున్నారు. నిజానికి అతడు అప్పటిదాకా చేసింది బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యానికి జీతాల కోసం ఖండమంతటా బంగారం వెతికి పంపడం. యుద్ధం ఇంకా సాగుతుందనుకుని బంగారం పోగేసుకున్నవాడికి అంత తొందరగా వచ్చిన శాంతి లాభం కంటే ఇబ్బందే తెచ్చింది. ప్రపంచాన్ని తెరవెనుక నుంచి ఆడించే కుటుంబం అన్న మాట కూడా ఇదే సంచిలోది. దాని జోలికి పోయారంటే మీ గంట వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. పక్కవాళ్లు నవ్వినా సరే, “ఆధారం చూపితే వచ్చే నెల మాట్లాడదాం” అని ముందుకు సాగండి.

బాండు అంటే ఏమిటో గుంటూరు వాళ్లకు చెప్పే తీరు

మొత్తం ప్రసంగంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. లయొనెల్ వృత్తి ఏమిటో తెలియకపోతే అతడి జీవితం ఒట్టి మేడల వర్ణనగా మిగిలిపోతుంది. చాలామంది అతడు తన పెట్టెలోంచి రాజులకు అప్పులిచ్చాడనుకుంటారు. అసలు పని అది కాదు. మన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని తలుచుకోమనండి. సరుకు రైతుది, కొనేది ఎగుమతిదారు. మధ్యలో నిలబడి ఇద్దరికీ పూచీ పడేది అతడు. పంట రాకముందే రైతుకు అడ్వాన్సు ఇస్తాడు, టిక్కీలు (మిర్చి బస్తాలు) తన కొట్టుకే రావాలంటాడు, అమ్మిన ధరలో తన వంతు పట్టుకుంటాడు. లయొనెల్ కొట్టులో సరుకు మిరపకాయ కాదు, ప్రభుత్వం ఇచ్చే వాగ్దానం. ‘ఏటా ఇంత వడ్డీ ఇస్తాను’ అని రాజ్యం రాసిన కాగితాలను అతడు ఒక ధరకు మొత్తంగా తీసుకుంటాడు. వాటిని పింఛను మీద బతికే వితంతువులకు, పాస్టర్లకు, వ్యాపారులకు ఇంకాస్త ధరకు అమ్ముతాడు. అమ్ముడుపోకపోతే నష్టం తనది. అతడి పేరు చూసే జనం కొంటారు కాబట్టి, అమ్మేది అసలు ఆ పేరునే.

ఇది అర్థమయ్యాక మూడు అప్పులు చెప్పండి. ప్రతి అప్పు దగ్గరా మూడే ప్రశ్నలు వేయండి: ఎవరు అడిగారు, ఎవరు పూచీ పడ్డారు, చివరికి ఎవరి జేబులోంచి పోయింది. నాకు తెలిసి బ్యాంకరు జీవితం చెప్పడానికి ఇంతకంటే నిజాయితీ అయిన పద్ధతి లేదు. భవనాలు, గుర్రాలు, విందులు అందరు ధనికులకూ ఉంటాయి. ఈ మూడు జవాబులు మాత్రం ఒక్కో బ్యాంకరుకు ఒక్కో రకంగా ఉంటాయి.

మొదటిది తండ్రి కాలంలోది, 1835. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌండ్లు ఇవ్వాలన్నారు. పరిహారం బానిసలకు అనుకుంటారు విన్నవాళ్లు. ఆగి, కాదని చెప్పండి. బానిసల యజమానులకు. అందులో కోటిన్నర పౌండ్లు అప్పుగా సమకూర్చింది నేథన్, అతడి తోడల్లుడు మోజెస్ మాంటెఫియోర్. ఈ అప్పు తర్వాత ఇతర అప్పుల్లో కలిసిపోయి, చివరి బాండ్లు తీరింది 2015లో. అంటే విడుదలైన బానిసల మునిమనవలు లండన్‌లో పన్ను కట్టే కాలం దాకా. ఈ అప్పును దాటవేసే ప్రసంగకర్తలను నేను చూశాను. పెద్దమనిషి కథలో మచ్చ ఎందుకని కాబోలు. దాటవేస్తే మిగతా రెండూ ఎవరూ నమ్మరు.

రెండోది 1847, ఐర్లండ్ కరువు. బంగాళాదుంప పంటకు తెగులు వచ్చి లక్షలాది మంది చనిపోతున్నారు. ప్రభుత్వానికి సాయం కోసం ఎనభై లక్షల పౌండ్ల అప్పు పుట్టించడంలో లయొనెల్ సంస్థ ముందుంది. దానికి తోడు కరువు బాధితుల కోసం విరాళాలు పోగుచేసిన బ్రిటిష్ రిలీఫ్ అసోసియేషన్‌ను స్థాపించినవాళ్లలో లయొనెల్ ఒకడు, చందా వేసినవాళ్లలో అతడి సంస్థ ఒకటి. గుంటూరులో ఈ ముక్క చెప్పేటప్పుడు 1832–33 నాటి డొక్కల కరువును ఒక్క వాక్యంలో గుర్తు చేయండి చాలు. పధ్నాలుగేళ్ల తేడా, ఒకే సామ్రాజ్యం. మన జిల్లాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినప్పుడు లండన్ బజారులో మన పేరు మీద ఏ బాండూ లేవలేదు. దీని మీద ఉపన్యాసం ఇవ్వకండి. వరసలో కూర్చున్న పెద్దవాళ్లకు తాతలు చెప్పిన సంగతులు ఉంటాయి, వాళ్లే అందుకుంటారు. అందుకుంటే అయిదు నిమిషాలు వదిలేయండి.

మూడోది సూయజ్. దీనికి పావుగంట కేటాయించండి, ఎందుకంటే నాటకం అంతా ఇందులోనే ఉంది. 1875 నవంబరు. ఈజిప్టు పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ అప్పుల్లో మునిగి, సూయజ్ కాలువ కంపెనీలో తన వాటాలు అమ్మకానికి పెట్టాడు. మొత్తం నాలుగు లక్షల వాటాల్లో అతడివి 1,76,602. ఫ్రెంచివాళ్లు కన్నేశారు. బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీకి ఎలాగైనా కొనాలని ఉంది. పార్లమెంటు సెలవుల్లో ఉంది, అది అనుమతించకుండా ఖజానాలోంచి చిల్లిగవ్వ తీయడానికి లేదు. మంత్రివర్గం గది బయట నిలబడ్డ కార్యదర్శి మాంటెగ్యూ కోరీ, ప్రధాని తల ఊపగానే రోత్స్‌చైల్డ్ దగ్గరికి పరుగెత్తాడు. రేపటికి నలభై లక్షలు కావాలన్నాడు. లయొనెల్ ద్రాక్షపండు తీసి నోట్లో వేసుకుని, తొక్క ఉమ్మేసి, “మీ పూచీ ఏమిటి?” అన్నాడట. “బ్రిటిష్ ప్రభుత్వం.” “అయితే తీసుకోండి.” ఇది కోరీ తర్వాత చెప్పుకున్న ముచ్చట, కాబట్టి ‘అట’ అన్న ప్రత్యయాన్ని మాత్రం వదలకండి. ద్రాక్షపండు సంగతి ఎలా ఉన్నా, అప్పు నిజం, అంకె నిజం. కచ్చితంగా చెప్పాలంటే వాటాల ఖరీదు 39,76,582 పౌండ్లు.

ఇప్పుడు సుద్దముక్క తీయండి. కమీషన్ నూటికి రెండున్నర. నలభై లక్షల మీద లక్ష పౌండ్లు. వడ్డీ ఏడాదికి నూటికి అయిదు. దాన్ని మన వాడుకలోకి మార్చండి: నెలకు నూటికి నలభై రెండు పైసలు కూడా పడదు. రెండు రూపాయల వడ్డీ మామూలనుకునే ఊళ్లో ఈ అంకె బోర్డు మీద పడగానే నవ్వులు వస్తాయి. ఆ తర్వాత అసలు వివాదం చెప్పండి. కమీషన్ మరీ ఎక్కువని పార్లమెంటులో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ వర్గం విరుచుకుపడింది. కొన్నాళ్లలో తీరిపోయే అప్పు మీద రెండున్నర విడిగా ఎందుకన్నారు. అంత సొమ్ము ఒక్కసారిగా, ఎవరికీ తెలియకుండా సిద్ధంగా ఉంచడానికి ఖర్చు ఉండదా అన్నది అటు జవాబు. న్యాయం మీరు చెప్పకండి, హాలును అడగండి. మా దగ్గర యార్డులో గుమస్తాగా చేసిన ఒక పెద్దాయన లేచి “పూచీ అంత గట్టిదైతే వడ్డీ తగ్గించాలి, తగ్గించాడు, తొందర అంత ఉంటే కమీషన్ పెంచాలి, పెంచాడు, ఇంకా గొడవ ఎందుకండీ?” అన్నాడు. ఏ ఆర్థిక చరిత్రకారుడూ ఇంత క్లుప్తంగా చెప్పినట్టు నేను చదవలేదు.

మూడో ప్రశ్న మరిచిపోకండి: చివరికి ఎవరి జేబు? ఆ వాటాల మీద లాభం పంచుకునే హక్కును ఖెదివ్ 1894 దాకా ముందే తాకట్టు పెట్టేశాడు. అందుకు బదులుగా ఏటా నూటికి అయిదు చొప్పున ఈజిప్టే బ్రిటన్‌కు కట్టాలి. అంటే లండన్ చేసిన అప్పు వడ్డీ నైలు ఒడ్డున పత్తి రైతు నెత్తిన పడింది. 1876లో ఈజిప్టు చేతులెత్తేసింది, 1879 జూన్‌లో ఇస్మాయిల్ గద్దె దిగాడు, 1882లో బ్రిటిష్ సైన్యం వచ్చి కూర్చుంది.

రెండో తలుపు

ఇక్కడ మాటల కంటే అభినయం బాగా పనిచేస్తుంది. ఒక లావుపాటి పుస్తకం ముందే తెచ్చి బల్ల మీద పెట్టుకోండి.

1847లో లండన్ నగర ఓటర్లు లయొనెల్‌ను పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు ఎన్నుకున్నారు. సభలో కూర్చోవాలంటే ప్రమాణం చేయాలి, ఆ ప్రమాణం చివర ‘క్రైస్తవుడిగా నా నిజమైన విశ్వాసం సాక్షిగా’ అని ఉంటుంది. యూదుడు ఆ మాట అనలేడు. 1850 జూలైలో అతడు నేరుగా సభలోకి నడిచి, పాత నిబంధన తెప్పించుకుని, ప్రమాణం చదవడం మొదలుపెట్టాడు. ఆ వాక్యం దగ్గరికి రాగానే ఆగి, ఈ మాటలు తన మనస్సాక్షిని కట్టవు కాబట్టి వదిలేస్తున్నానని చెప్పి, యూదుల ఆచారం ప్రకారం టోపీ పెట్టుకుని, పుస్తకాన్ని ముద్దు పెట్టుకున్నాడు. స్పీకర్ బయటికి వెళ్లమన్నాడు. వెళ్లాడు. మీరు పుస్తకం చేత్తో పట్టుకుని సరిగ్గా ఆ మాట ముందు ఆగండి. తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి తొందరపడకండి.

ఓటర్లు అతణ్ని మళ్లీ మళ్లీ ఎన్నుకున్నారు. కామన్స్ సభ చట్టం మార్చడానికి బిల్లు పంపడం, ప్రభువుల సభ తిప్పి కొట్టడం, ఇలా పదకొండేళ్లు గడిచాయి. ఎవరి ప్రమాణం వాళ్ల సభే తేల్చుకోవచ్చని 1858లో చట్టం వచ్చాక, జూలై 26న తల మీద టోపీతో, హీబ్రూ గ్రంథం మీద ప్రమాణం చేసి కూర్చున్నాడు. ఆ తర్వాత మధ్యలో కొద్దికాలం తప్ప 1874 దాకా సభ్యుడిగా ఉన్నాడు. అన్నేళ్లలో సభలో ఒక్క ప్రసంగం చేయలేదు. ఈ మాటకు హాలంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి. కూర్చోవడం కోసం పోరాడినవాడు మాట్లాడి తీరాలని ఎక్కడా రాసిలేదు.

దీని వెంటే 1869 చెప్పండి. అతణ్ని ప్రభువుల సభకు పంపాలని అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్ సిఫార్సు చేస్తే విక్టోరియా రాణి ఒప్పుకోలేదు. యూదుడు కావడం ఒక అభ్యంతరం. విదేశీ ప్రభుత్వాల అప్పుల గుత్తలతో, స్టాక్ మార్కెట్ బేరాలతో గడించిన ధనవంతుడికి బ్రిటిష్ ప్రభువు హోదా తగదన్నది రెండోది. ఆరేళ్ల తర్వాత ఆమె ప్రభుత్వమే అతడి కొట్టుకు మనిషిని పంపింది. ఈ రెండు తేదీలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకోండి, వ్యాఖ్యానం అక్కర్లేదు. కుర్చీ దక్కింది కొడుకు నాటీకి, 1885లో. మతం మార్చుకోకుండా ఆ సభలో కూర్చున్న మొదటి యూదుడు అతడే.

ఇంటి సంగతులు

పెళ్లి గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త. లయొనెల్ 1836లో చేసుకున్న షార్లెట్ నేపుల్స్‌లో ఉన్న కార్ల్ కూతురు. కార్ల్ నేథన్‌కు తమ్ముడు. అంటే చిన్నాన్న కూతురు. మన లెక్కలో చెల్లెలు! మేనరికమైతే ఎవరూ పట్టించుకోరు గానీ, ఇది వినగానే హాలులో కనీసం నలుగురు చెవులు కొరుక్కుంటారు. కారణం వెంటనే చెప్పేయండి: తాత వీలునామాలో కూతుళ్లకు, అల్లుళ్లకు వ్యాపారంలో వాటా లేదని రాశాడు. సొమ్ము గడప దాటకుండా ఉండాలంటే పెళ్లిళ్లు ఇంట్లోనే జరగాలి. ఆ పెళ్లికని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిన నేథన్, చీముగడ్డ ముదిరి జూలై 28న అక్కడే చనిపోయాడు. ఆ రోజుల్లో లండన్‌లో అంతటి ధనవంతుడు లేడు, కానీ ఆ గడ్డకు పనిచేసే మందు ఎక్కడా లేదు. ఇరవై ఏడేళ్ల లయొనెల్ పెళ్లికొడుకుగా వెళ్లి యజమానిగా తిరిగి వచ్చాడు.

మేడలకు రెండు నిమిషాలు. పికాడిలీలో ఇల్లు, గనర్స్‌బరీలో తోట, 1872లో ట్రింగ్ ఎస్టేటు. చివరి ఏళ్లలో కీళ్లవాతంతో కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లేవారు. 1879లో డెర్బీ పందెంలో అతడి గుర్రం సర్ బెవిస్ గెలిచింది. అప్పటికి అతడు మిస్టర్ ఆక్టన్ అన్న మారుపేరుతో పందేలకు దించుతున్నాడు. గెలిచిన కొద్ది రోజులకే, జూన్ 3న కన్నుమూశాడు. ఇంతకంటే పొడిగించకండి.

పిల్లలు వచ్చి ఉంటే మాత్రం మనవళ్ల సంగతి చెప్పండి. నాటీ పెద్దకొడుకు వాల్టర్ జీబ్రాలను బండికి పూన్చి లండన్ వీధుల్లో తోలాడు. చిన్నకొడుకు చార్లెస్ పగలంతా బ్యాంకులో కూర్చుని తీరిక వేళల్లో గోమార్ల (ఇంగ్లీషులో ఫ్లీ అనే రక్తం పీల్చే పురుగుల) మీద పరిశోధన చేశాడు. మన దేశంలో ప్లేగు వ్యాప్తికి ముఖ్య కారణమైన ఎలుక గోమారుకు 1903లో శాస్త్రీయ నామం పెట్టింది అతడే.

ప్రశ్నల వేళ

గంటలో ముప్పావు మీది, పావు వాళ్లది అనుకోండి. “ఆ కొట్టు ఇప్పటికీ ఉందా” అని అడుగుతారు. ఉంది, లండన్‌లో అదే సెయింట్ స్విథిన్స్ లేన్‌లో, అదే న్యూ కోర్ట్ చిరునామాలో, కొత్త భవనంలో. “మన వైపు ఇలాంటి బిరుదుల బ్యాంకరు ఎవరూ లేరా” అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువగా వెనక వరస నుంచి. 1906 అక్టోబరులో మద్రాసులో దివాలా తీసిన ఆర్బత్‌నాట్ కంపెనీ పేరు చెప్పండి. మన జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. దాని అధిపతి సర్ జార్జ్ ఆర్బత్‌నాట్ జైలుకు వెళ్లాడనీ, ఆ దెబ్బ తిన్న మరుసటి ఏడాదే ఇండియన్ బ్యాంకు పుట్టిందనీ, 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారనీ చెప్పి అక్కడితో ఆపండి. మిగతాది ఎంత అడిగినా చెప్పకండి. అందరి ముందూ గ్రంథాలయం కార్యదర్శి గారి వైపు తిరిగి, వచ్చే ఆదివారాల్లో ఏది ఖాళీగా ఉందో అడగండి.